పళ్ళ సందులో ఈల

ఆ ఏడాది కోతలు మొదలై మళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్న రోజుల్లో మా ఆవిడ పళ్ళకి క్లిప్పులు వేయించుకుంది. నలభై ఒకటో ఏట. అప్పటికి మా దగ్గర నాలుగు వందల ఇరవై బాతులున్నాయి. ఈ రెండింటికీ సంబంధం ఏమిటో మా చుట్టుపక్కల వాళ్ళెవరికీ తట్టలేదు. బాతులకి తట్టింది.

మాది బాతులు మేపే పని. కోసిన మడిలో రాలిన గింజలూ నత్తలూ పురుగులూ బాతులు ఏరుకు తింటాయి. రైతుకి మడి శుభ్రపడుతుంది, ఎరువు పడుతుంది. గుడ్లు మావి. ఒక మడి అయ్యాక ఇంకో మడికి, ఒక కాలువ దాటి ఇంకో కాలువకి, పన్నెండు పదమూడు వారాలు నడుస్తూనే ఉంటాం. రాత్రిళ్ళు దిగిన చోటే బాతుల చుట్టూ వల కడతాం. ముందు మా ఆవిడ. ఆవిడ వెనక బాతులు. పక్కన మా బావమరిది, అంటే ఆవిడ తమ్ముడు. అందరికన్నా వెనక పొడుగు కర్రతో నేను.

ముందు నడిచే మనిషి పని బాతుల్ని పిలవడం. మా ఆవిడ పై వరస ముందు పళ్ళు రెండింటికీ మధ్య ఒక సందు ఉండేది. ఆ సందులోంచి ఈల వేసేది. వేళ్ళు పెట్టుకోదు, పెదాలు సున్నా చుట్టదు. నాలిక ఎక్కడో ఆనించి ఊపిరి వదిలేది, అంతే. సన్నగా మొదలై చివర కాస్త పైకి లేచేది ఆ ఈల. కాలువ అవతల బురదలో తల ముంచిన బాతు కూడా బయటికి తీసి చూసేది.

ఆ సందు మూలంగానే ఆవిడకి ఇంకో అలవాటు. నవ్వొస్తే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. మాట్లాడాల్సి వస్తే మొహం పక్కకి తిప్పుకునేది. మాట్లాడడమే తక్కువ. మా పెళ్ళి కుదిర్చినాయన "ఇద్దరికీ నోట్లో నాలిక లేదు, హాయిగా బతుకుతారు" అన్నాడు. ఇరవై రెండేళ్ళు అలాగే బతికాం. ఇంట్లో మాటల పని మా బావమరిది చూసుకునేవాడు.

కోతలకి నెల ముందు ఆవిడ చిగుళ్ళ నుంచి రక్తం రావడం మొదలైంది. ఉప్పునీళ్ళు పుక్కిలించింది. తగ్గలేదు. పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పుల్లకి బిగించిన చిన్న అద్దం నోట్లో పెట్టి చాలాసేపు చూసింది.

"కింది పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయమ్మా. ఆ మధ్యలోకి బ్రష్షు పోదు. గార కట్టి చిగురు వాస్తోంది. పై పళ్ళు ముందుకొచ్చి విడిపోతున్నాయి. ఇలాగే వదిలేస్తే యాభై దాటేసరికి ముందు పళ్ళు ఊగడం మొదలుపెడతాయి. ముందు చిగుళ్ళు నయం చేస్తాను. తర్వాత క్లిప్పులు వేసి అన్నిటినీ వరసలోకి తెద్దాం. ఏడాదిన్నర పట్టొచ్చు."

"ఈ వయసులోనా?" అంది మా ఆవిడ, గోడ వైపు తిరిగి.

"పంటికి వయసు తెలీదమ్మా. మెల్లగా తోస్తే జరుగుతుంది."

"మరి ఆ మధ్య సందు?" అన్నాను నేను.

"మొట్టమొదట మూసుకునేది అదే. మూడు నెలలు చాలు."

"అదొక్కటీ వదిలెయ్యండి."

మాస్కు పైన డాక్టరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "ఎందుకండీ?"

చెప్పడం నాకు చేతకాదు. మా ఆవిడ వైపు చూశాను. ఆవిడకీ చేతకాదు. కుర్చీలో వెనక్కి వాలి ఉన్నది ఉన్నట్టే ఈల వేసింది.

పక్క కుర్చీలో నోరు తెరుచుకు పడుకున్న పోస్ట్‌మాన్ లేచి కూర్చున్నాడు. చేతిలో ట్రే పట్టుకున్న నర్సు ట్రేని గుండెలకి హత్తుకుంది. బయట గదిలోంచి ఎవరో "నా వంతు వచ్చిందా?" అని కేకేశారు.

"బాతులు" అన్నాను నేను.

డాక్టరమ్మ కాసేపు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఎన్ని?"

"నాలుగు వందల ఇరవై."

"అన్నీ దీనికే వస్తాయా?"

"ఆఁ."

ఆ పిల్ల నవ్వలేదు. నాకు నచ్చింది. నిజంగానే ఆలోచించి, "సందు ఉంచొచ్చు. కానీ ఈవిడ పళ్ళు కలిసే తీరుకి అది అక్కడితో ఆగదు, పెరుగుతుంది. మూసెయ్యడమే మంచిదని నా మాట. ఆపైన నోరు ఆవిడది" అంది.

"మూసెయ్యండి" అంది మా ఆవిడ. ఈసారి గోడతో కాదు, డాక్టరమ్మతోనే చెప్పింది.

వచ్చేముందు డాక్టరమ్మ నా నోట్లోకి కూడా ఒకసారి తొంగి చూసింది. "వరస బాగానే ఉంది" అని, మిగతాది చెప్పకుండా చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

చిగుళ్ళు నయమయ్యాక పంటికొక బిళ్ళ అతికించి, బిళ్ళల మీదుగా తీగ పోనిచ్చి, ముందు పళ్ళని రబ్బరు గొలుసుతో లాగి కట్టారు. మర్నాడే మేం మొదటి మడిలోకి దిగాం. ఆ రెండు రోజులూ ఆవిడ పిసికిన అన్నం తప్ప ఏమీ నమల్లేకపోయింది. తీగ గుచ్చుకున్న చోట డాక్టరమ్మ ఇచ్చిన మైనం ముద్ద అద్దుకునేది.

"అక్కా, నవ్వకే. ఎండ దాని మీద పడి నాకు కళ్ళు పోతున్నాయి" అన్నాడు బావమరిది. కాసేపాగి, "నోటికి వల కట్టారేంటి, బాతులు పారిపోకుండానా?" అన్నాడు.

"నీ నోటికీ ఒకటి కట్టమంటా. మాటలు పారిపోకుండా" అంది ఆవిడ.

నేను కర్ర ఆపి చూశాను. ఆవిడ తమ్ముడికి ఎదురు మాట చెప్పడం నేను వినడం అదే మొదలు. వాడూ అంతే అనుకుంటాను. ఆ పూటంతా తన ఎగతాళి తన దగ్గరే పెట్టుకున్నాడు.

తిన్న ప్రతిసారీ తోముకోవాలని డాక్టరమ్మ ఆజ్ఞ. మామూలు బ్రష్షు ఒకటి. తీగ కింద దూర్చడానికి సీసాలు కడిగే బ్రష్షుకి పుట్టిన పిల్లలా ఇంకొకటి. కాలువ గట్టు మీద కూర్చుని పది నిమిషాలు తోమేది. తను తోముతుంటే మేం చేతులు కట్టుకుని చూడడం ఆవిడకి నచ్చలేదు. మా ఇద్దరి చేతుల్లోనూ చెరో బ్రష్షు పెట్టింది.

"నాకేం రోగం?" అన్నాడు బావమరిది.

"దగ్గరికొచ్చి మాట్లాడినప్పుడు బాతులు మొహం తిప్పుకుంటున్నాయి, చూళ్ళేదా?"

ముగ్గురం గట్టు మీద వరసగా గొంతుక్కూర్చుని నోట్లో నురగతో ఉంటే బాతులు ఎదురుగా వచ్చి నిలబడి చూసేవి. మేం ఏటా చివర్లో చేరే పొలాల పెద్ద రైతు సైకిలు మీద అటు పోతూ దిగాడు. "ఏంటయ్యా, ముగ్గురికీ ఒకేసారి ఏమైంది?" అన్నాడు. నురగతో ఎవరం జవాబు చెప్పలేదు. ఆయన సైకిలు నడిపించుకుంటూ కాస్త దూరం పోయి, అప్పుడు ఎక్కాడు.

నాకు వినడం కన్నా చూడడం అలవాటు. సందుని చూస్తూ వచ్చాను. మొదట్లో ఎండిన వరి పుల్ల పట్టేది. నెల తిరిగి డాక్టరమ్మ గొలుసు మార్చాక పచ్చగడ్డి పోచ పట్టేది. ఒకసారి ఆవిడ నిద్రపోతుండగా పెట్టి చూస్తే మెలకువ వచ్చి "ఏంటది?" అంది. "ఏం లేదు" అన్నాను. పోచ చేతిలోనే ఉంది.

ఈల సన్నబడుతూ వచ్చింది. నాలుగో వారంలో బాతులు తల ఎత్తేవి గానీ ఒక రెప్పపాటు ఆలస్యంగా. ఆరో వారంలో దగ్గరున్నవి వచ్చేవి, దూరంగా ఉన్నవి తినడం మానేవి కావు. ఆవిడ రెండుసార్లు, మూడుసార్లు వేసేది. ఎనిమిదో వారంలో గాలీ తుంపరా తప్ప ఏమీ రావడం లేదు. పొద్దున్నే వల అవతల నిలబడి, నోట్లో రెండు వేళ్ళు పెట్టుకుని ప్రయత్నించడం చూశాను. నన్ను చూసి వేళ్ళు బట్టలకి తుడుచుకుంది. నేనూ చూడనట్టే గుడ్లు ఏరాను.

ఆ వారమే రేకు పనివాడి దగ్గరికి వెళ్ళాను.

"ఈల కావాలి."

"పిల్లలకా?"

"బాతులకి. సన్నగా మొదలై చివర లేవాలి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఏమీ అడక్కుండా రేకు వంచడం మొదలుపెట్టాడు. ఆరు ఈలలు పాడుచేశాడు. ఏడోది ఊదితే నా ఒళ్ళు జలదరించింది. మా ఆవిడ ఎక్కడో దగ్గర్లో ఉన్నట్టే అనిపించింది.

ఆవిడ తమ్ముడికి చూపించాను. "అక్కకి చెప్పావా బావా?"

"అవసరం వస్తే చెప్తా."

"నువ్వు నోరు విప్పే అవసరం వచ్చేలోగా నాకు మనవలు పుడతారు."

ఆవిడ గుడ్లు అమ్మడానికి వెళ్ళిన రోజుల్లో, గుప్పెడు గింజలు చల్లి ఈల ఊదేవాణ్ణి. గింజలుంటే బాతులకి చదువు తొందరగా వస్తుంది. మూడోనాటికి గింజలు లేకపోయినా పరిగెత్తుకొచ్చాయి. నా అంత తెలివైనవాడు ఇంకొకడు లేడనుకున్నాను.

పదకొండో వారంలో పెద్ద రైతు పొలాలకి చేరాం. ఆ చుట్టుపక్కల పెద్ద కమతం ఆయనదే. మా చివరి రెండు వారాల మేత అక్కడే. అది దొరక్కపోతే బాతులు గుడ్లు మానేస్తాయి. అక్కడికి వెళ్ళే దారి సన్నటి గట్టు. ఒక పక్క కాలువ. ఇంకో పక్క ఆయన ఆలస్యంగా నాటిన చేను, ఇంకా కోయలేదు, కంకులు వంగి ఉన్నాయి. గట్టు చివర వంతెన. వంతెన దాటితే ఖాళీ మళ్ళు.

మా ఆవిడ వంతెన దగ్గరికి చేరి వెనక్కి తిరిగింది. ఊపిరి పీల్చుకుంది. "ఫ్స్‌స్" అని వినిపించింది. బాతులు గట్టు మీద ఆగిపోయాయి. మళ్ళీ "ఫ్స్‌స్". ముందున్న బాతు ఒకటి మెడ సాచి కంకుల వైపు చూసింది. నాకు కంగారు పుట్టింది. జేబులోంచి రేకు ఈల తీసి ఊదాను.

ఎంతో బాగా పలికింది. నాలుగు వందల ఇరవై తలలూ ఒక్కసారి తిరిగాయి, నా వైపు. నేను వెనక ఉన్నానన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ముందున్నవి వెనక్కి వస్తున్నాయి. వెనకున్నవి ఎటు పోవాలో తెలీక అక్కడే తిరుగుతున్నాయి. గట్టు మీద మనిషి పట్టేంత చోటే ఉంది. కొన్ని కాలువలో పడ్డాయి. మిగతావన్నీ పెద్దమనుషుల్లా ఆలోచించి చేలోకి దిగాయి.

"ఊదు బావా, ఇంకా ఊదు!" అని అరిచాడు బావమరిది. "మర్చిపోయిన బాతులేమైనా ఉంటే అవి కూడా దిగుతాయి!"

మధ్యాహ్నం దాకా పట్టింది వాటిని బయటికి తేవడానికి. పెద్ద రైతు గట్టు మీద నిలబడి, వాలిన కంకుల్నీ బురదలో మోకాళ్ళ దాకా దిగిన మా ముగ్గుర్నీ చూశాడు.

"పన్నెండేళ్ళుగా వస్తున్నారు. కోయని చేలో ఒక్క బాతు కాలు పెట్టలేదు. ఇవాళేం వచ్చింది మీకు?" అన్నాడు. "మీ బాతుల్ని పిలిచే మనిషెవరో మీరు తేల్చుకోండి. తేల్చుకున్నాక రండి. అప్పటిదాకా నా గట్టు తొక్కొద్దు."

ఆయన వెళ్ళాక మా ఆవిడ చెయ్యి చాచింది. రేకు ఈల ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎప్పుడు చేయించావు?"

"మూడు వారాలు."

"బాగా పలుకుతోంది" అంది. బురద చేత్తోనే దాన్ని నా జేబులో పెట్టింది. "ఇన్నేళ్ళూ నేనేదో చేస్తున్నాననుకున్నా. రేకు ముక్క చాలన్నమాట." ఇంకొంచెంసేపటికి, "రేపు వెళ్ళి ఇవి తీయించేసుకుంటా. తీసేస్తే సందు దానంతటదే వస్తుందిట" అంది.

అది కాదు సంగతి అని చెబుదామనుకున్నాను. ఆవిడ అప్పటికే కాళ్ళు కడుక్కోవడానికి కాలువలోకి దిగింది.

మర్నాడు బావమరిదిని బాతుల దగ్గర వదిలి ఇద్దరం పట్నం వెళ్ళాం. బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని దారంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు వచ్చే సంగతి ఒక్కటీ లేదు.

డాక్టరమ్మ ఆవిడ పెదాలు వెడల్పుగా తెరిచి ఉంచే ప్లాస్టిక్ ముక్క నోట్లో బిగించి చూసింది. "చిగుళ్ళు ఎంత బాగున్నాయో! రక్తం చుక్క లేదు. మీలాగా తోముకునేవాళ్ళు నాకు ఇంకొకరు లేరు. సందు కూడా పూర్తిగా కలిసింది."

మా ఆవిడ చేత్తో సైగ చేసింది, తీసెయ్యమని.

"తీసెయ్యాలా? ఇప్పుడు తీస్తే పళ్ళు పాత దారే పడతాయమ్మా. చిగుళ్ళూ అంతే. ఎందుకు?" డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మీరేమంటారు?"

ఆవిడ చెయ్యి మళ్ళీ ఊపింది. ఆయన ఏమీ అనడని ఆ ఊపుకి అర్థం. నాకు తెలుసు.

నేను ఆ నోటి వైపు చూశాను. కిందటి నెల ఇదే బస్సులో ఆవిడ కండక్టరుతో పోట్లాడింది. ముసలాయన్ని దింపకుండా బండి కదిలించాడని. నాలుగు స్టాపుల దాకా పోట్లాడింది. నేను పక్కనే కూర్చుని, ఈ మనిషి ఎవరా అని చూశాను. పెళ్ళి కుదిర్చినాయన తప్పు చెప్పాడు. ఆవిడకి మాటలు తక్కువ కావు. నోరు తెరవడానికి సిగ్గు. ఇరవై రెండేళ్ళు పక్కన ఉండి, గడ్డిపోచ పెట్టి కొలిచి కూడా నాకు కనిపించని సంగతి అది.

"బిగించండి" అన్నాను.

"ఏంటండీ?"

"తీగ. ఇంకా బిగించాల్సి ఉంటే బిగించండి."

మా ఆవిడ కళ్ళు మాత్రమే నా వైపు తిప్పింది. "హా ఆఉ ఉ?" అంది నోట్లో ప్లాస్టిక్కుతో. మరి బాతులు, అని.

"ఈల లేకపోతే పోయింది. నోరుందిగా. పిలువు. రాకపోతే తిట్టు" అన్నాను.

నర్సు ట్రే పక్కన పెట్టి మరీ నా మొహం చూసింది. డాక్టరమ్మ మాస్కు లోపల ఏం చేసిందో తెలీదు గానీ భుజాలు కదిలాయి. తీగ మార్చింది. ఆవిడ వద్దనలేదు.

రెండు రోజులు దిగిన చోటే వల కట్టి, గింజలు చల్లుతూ మాటతో పిలవడం అలవాటు చేసింది. మూడో రోజు పెద్ద రైతుకి కబురు పెట్టాం. ఆయన గట్టు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తప్పు జరిగితే ఈసారి ఆ పొలాలకి మేం శాశ్వతంగా దూరం.

మా ఆవిడ ముందుకెళ్ళి తిరిగింది. "రండే" అంది, చిన్నగా. బాతులు ముక్కులతో రెక్కలు దువ్వుకుంటున్నాయి. "రండే!" ఒక బాతు నాలుగడుగులు వేసి ఆగింది. పక్కనే వంగిన కంకులు. పెద్ద రైతు గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు ఆవిడకి కోపమొచ్చింది. "మిమ్మల్నే! చెవుల్లో ఏం పోసుకున్నారు? మీరూ ఆ వెనకున్నాయనా ఒక్కటే! ఎంత పిలిచినా ఉలుకూ పలుకూ ఉండదు!"

బాతులు కదిలాయి. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. బాతులూ ఆగాయి. పెద్ద రైతు కంకుల వైపు చూశాడు. ఆవిడకి సంగతి అర్థమైంది, నాకూ అర్థమైంది. గట్టు దాటేదాకా మాట తెగకూడదు.

"పెళ్ళయిన మొదటి ఏడు నాకు జ్వరమొస్తే మూడు రోజులు మంచం పక్కన కూర్చున్నాడు. ఎలా ఉందని ఒక్కసారి అడిగాడా? అడగడు! కళ్ళప్పగించి చూస్తాడు. నేను బతికున్నానని నా కనురెప్పలు చూసి తెలుసుకున్నాడే ఈయన! రెండో ఏడు మా అమ్మ వచ్చింది. వచ్చినప్పుడు 'వచ్చారా' అన్నాడు. వెళ్ళేటప్పుడు 'వెళ్తున్నారా' అన్నాడు. మధ్యలో పదకొండు రోజులు! అది మనిషి ఇల్లా, బొమ్మల కొలువా అని మా అమ్మ దారంతా ఏడుస్తూ పోయింది!"

బాతులు బారు తీరి నడుస్తున్నాయి. ఒక్కటీ పక్కకి తొంగి చూడలేదు. బావమరిది నడవడం మానేసి పొట్ట పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. నేను వెనక కర్ర పట్టుకుని, తల దించుకుని నడిచాను. పెద్ద రైతు కట్టుకున్న చేతులు విప్పి, మా ఆవిడకి సమంగా గట్టు కింద నడవడం మొదలుపెట్టాడు. వంతెన మీద ఎవరిదో బండి ఆగింది. బండివాడూ వింటున్నాడు.

ఆఖరి బాతు వంతెన దాటాక ఆవిడ ఆగింది. ఒగర్చుకుంటూ నా వైపు చూసింది. నా మొహం ఎలా ఉందో నాకు తెలీదు. ఆవిడ నవ్వింది. పెద్దగా, తీగా బిళ్ళలూ రబ్బర్లూ అన్నీ కనిపించేలా నవ్వింది. రెండు చేతులూ నడుం మీదే ఉన్నాయి.

పెద్ద రైతు కాసేపు ఎదురుచూశాడు. "అయిపోయిందా అమ్మా?"

"ఎక్కడండీ, ఇంకా మూడో ఏడుకి కూడా రాలేదు."

ఆయన నా వైపోసారి చూసి, కాలువ అవతలికి చెయ్యి చూపించాడు. "అయితే రేపు ఆ పై మళ్ళు కూడా మేపుకోండి" అన్నాడు.